పాలకురికి సోమనాథుఁడు - పరభాషాగృహవాసము

పాలకురికి సోమనాథునిఁ గూర్చి ఆంధ్రదేశమునను గర్ణాటదేశమునను బండితులు చేసిన చర్చలలో ప్రధానముగ రెండు ప్రశ్నములు వినఁబడుచుండును. ఆతఁడు మొదటి ప్రతాపరుద్రుఁడనఁబడు కాకతి రుద్రదేవుని కాలమువాఁడా, కడపటి ప్రతాపరుద్రుని కాలమువాఁడా యనునది మొదటిది. ఆతని జన్మస్థలము ఓరుగంటి ప్రాంతమందలి పాలకుర్తియా, కన్నడసీమలోని యొక గ్రామమా యనునది రెండవది. ఈ రెండును జరిత్రకు సంబంధించినవి. వీనికిఁ దోడుగ సాహిత్యమునకే సంబంధించిన మూఁడవ ప్రశ్న మొకటి కలదు. పరభాషవారి యింట నడచిన కథను, వారి నోటినుండి వెలువడిన పేళ్లతోను బలుకులతోను గూడ, సోమనాథుఁడు తెలుఁగింటికిఁ దెచ్చెను. ఆ పలుకు లిచట నెట్లు కాఁపురముండెను? అవి యతిథులుగ నుండిపోయెనా, ఇంటివారైపోయెనా? ఈ ప్రశ్నమునకు సమాధానము దొరకినచోఁ దక్కిన రెంటి విషయమునను దొందరపాటు కొంత తగ్గును.

సోమనాథుని ద్విపదకు ఓరుగంట జరిగిన సత్కారమును గూర్చి యొక యైతిహ్యము కలదు. దానిని పిడుపర్తి సోమనాథుఁడు తన పద్యబసవపురాణమున నిల్పినాఁడు. ఓరుగంటి స్వయంభూదేవు నాలయమున శివభక్తులు కూడి బసవపురాణమును బఠించుచుండఁగాఁ బ్రతాపరుద్రుఁ డచటి కరుదెంచి, యిది యేమని యడిగెనఁట. ప్రక్కనున్న యొకఁడు, ఇది పాలకురికి సోమనాథుఁడు నడుమఁ గల్పించిన ద్విపద, యతిప్రాసముల నియమము దప్పినది, ప్రమాణము గాదని చెప్పెనఁట. రాజు వినకయే మరలెనఁట. ఈ కథలోని చారిత్రకసత్య మెంత యన్నది యటుంచి, దీనిలోని యాక్షేపణమును గమనింపవలెను. కథలో దోషమున్నదని యాక్షేపకుఁ డనలేదు. భక్తులు నీచులనియు ననలేదు. గ్రంథము క్రొత్తదనియు, దాని నడక యలవాటు లేనిదనియు మాత్రమే యనెను. క్రొత్తగ వచ్చి గడపలో నిలిచినవానినిఁ జూచి ఇంటివారు మొదట ననుమాట యిదియే కదా!

అయితే ఓరుగల్లునకుఁ గల్యాణకటకము నిజముగ నంత పరాయిదా యని విచారింపఁగా, కాదనియే చెప్పవలసివచ్చును. కాకతీయులు స్వతంత్రులగుటకుఁ బూర్వము కల్యాణచాళుక్యులకు సామంతులు. హనుమకొండలోని పద్మాక్షిగుడియొద్ద నున్న క్రీ.శ. 1117 నాఁటి శాసనమునఁ గన్నడభాష కనఁబడుచున్నది. క్రీ.శ. 1163 లో రుద్రదేవుఁడు వేయిస్తంభముల గుడియొద్ద సంస్కృతమున వేయించిన శాసనము స్వాతంత్ర్యమును జాటునట్టిది. అటుపిమ్మటనే కాకతీయశాసనములలోఁ దెలుఁగు ప్రబలెను. అనఁగా ఓరుగంటి యేలికలు తెలుఁగును దమ యాస్థానమున నిలుపుకొనుచున్న దశాబ్దమునందే, కల్యాణమున బిజ్జలునికడ దండనాయకుఁడై బసవేశ్వరుఁడు తన యింటి వాకిలి నెల్లరకుఁ దెఱచి యుంచెను. ఒకచోట రాజకీయమైన యుమ్మడికాఁపురము విడివడుచుండెను. వేఱొకచోట భక్తులది కూడుకొనుచుండెను. సోమనాథుఁడు ఈ రెంటికిని వారసుఁడు.

బసవేశ్వరుని యిల్లు బసవపురాణమునకుఁ గేంద్రము. అచ్చట నిత్యము అర్చింపఁబడుచుండిన జంగముల సంఖ్య లక్షయుఁ దొంబదియాఱువేలని సంప్రదాయము. సంఖ్యను సంఖ్యగాఁ గాక, లెక్కకు మిక్కిలి యను భావముగ గ్రహించినను, ఆ యింటి స్వరూపము స్పష్టమగుచునే యున్నది. దానిలో నాలుగు దెసలనుండి వచ్చినవారు గలరు. చాకలి మడివాలు మాచయ్య గలఁడు, వేఁటకాఁడు గలఁడు, దొంగ గలఁడు, కట్టెలమ్మువాఁడు గలఁడు. ఒకే పంక్తిని భుజించువారి యలవాటు లొకటి కావు. బసవనికిని గిన్నర బ్రహ్మయ్యకును నడుమ ఉల్లిని గూర్చి పుట్టిన కలఁత శైవవాఙ్మయమునఁ బ్రసిద్ధము. ఉల్లిని బసవఁడు తేలికగాఁ బలుకుటయు, బ్రహ్మయ్య యలిగి లేచిపోవుటయు, గృహస్థు తన తప్పు నెఱింగి యా యుల్లినే గౌరవించి భక్తుని మరలించుకొనుటయు నందలి కథ. కూరలోని యొక దినుసును గూర్చి ఇంత పెద్ద కథయా యని నవ్వుట సులభము. కాని పలుదేశములవా రొక్క కప్పుక్రిందఁ గాఁపురముండునపుడు కలహము సిద్ధాంతముల యొద్దఁ గాక వంటింటి యొద్దనే మొలచునని కథకుఁ డెఱుఁగును. అలిగిన యతిథి కొఱకు ఇంటియజమానుఁడే మెట్టు దిగుట యందలి విశేషము. ఉమ్మడియింటి ధర్మమెల్ల దీనియందే యున్నది.

ఇఁక భాషావిషయము. అప్పకవి మొదలగు లాక్షణికులు దేశ్యమును శుద్ధాంధ్రమనియు, అన్యదేశజాంధ్రమనియు విభజించిరి. త్రిలింగదేశమునఁ బుట్టి యిచటనే వాడఁబడునది మొదటిది. ఆంధ్రులు పరదేశములయందు నివసించి, యచ్చటివారితోఁ గలసి మెలసి యుండుటచేఁ దమ పలుకులయందుఁ గలుపుకొన్నది రెండవది. పదములను వాని యాకృతినిబట్టి కాక, పలికినవాని నివాసమునుబట్టి విభజించిన యీ పద్ధతి గమనింపఁదగినది. వలసపోయినవాని బ్రదుకునకు వ్యాకరణమునఁ జోటిచ్చిన విభాగ మిది. కాని దీనియం దొక లోపమును గలదు. పరదేశమునకుఁ బోయిన తెలుఁగువాఁడు తెచ్చిన మాటకు మాత్రమే యిందుఁ జోటున్నది. పరదేశమునుండి తెలుఁగుదేశమునకుఁ దానై నడచివచ్చిన కథతోఁ గూడవచ్చిన మాటకుఁ జోటు లేదు. బసవపురాణమందలి పేళ్లు ఈ రెండవజాతివి. వానిలో నాలుగింటిని బరిశీలించిన విషయము తేటపడును.

మొదటిది గొడగూచి. శివునకుఁ బాలారగింపు తీసికొనిపోయి, దేవుఁడు త్రాగకున్న విలపించిన ముగ్ధబాలిక కథ తెలుఁగునాట నెఱుఁగనివారరుదు. కన్నడమునఁ గొడగూసు అనఁగాఁ బిన్నబాలిక, కన్నియ యని యర్థము. అది యచ్చట సామాన్యనామము. కన్నడశైవులు ఆమెను గోళూరి కొడగూసు అనఁగా, కోళూరి బాలిక యని యూరిపేరితోఁ జెప్పుకొందురు. ఆ మాట తెలుఁగునకు వచ్చి, కకారము గకారమై, సకారము చకారమై, గొడగూచి యను సంజ్ఞగ మాఱినది. అర్థము పోయినది, పేరు మిగిలినది. తెలుఁగునఁ గొడుకు, కొడమ యను మాటలతో దీనికిఁ జుట్టఱికము గలదని చెప్పఁదగినను, కథ వినెడి తెలుఁగుబాలునకు ఆ చుట్టఱికము స్ఫురింపదు. అతనికి గొడగూచి యనఁగా నా పిల్ల యొక్కతెయే. ఇది పూర్ణమైన గృహప్రవేశము. పుట్టినింటి యర్థమును మఱచి, మెట్టినింట వ్యక్తియై నిలిచిన పదమిది.

రెండవది మోళిగ మారయ్య. మోళిగె యనఁగాఁ గన్నడమునఁ గట్టెలమోపు. కట్టెలమ్మి జంగమార్చన సలుపుచుండిన యీ భక్తుఁడు పూర్వము కాశ్మీరదేశపు రాజనియు, రాజ్యమును వదలి భార్యాసహితుఁడై కల్యాణమునకు వచ్చెననియుఁ గన్నడశైవుల సంప్రదాయము. ఈ పేరులోని విశేషమేమనఁగా, అంత దూరమునుండి వచ్చినవానిని ఆ యింటివారు కాశ్మీరపు మారయ్య యని పిలువలేదు. ఆతఁడు తలపై మోసిన మోపునుబట్టి పిలిచిరి. క్రొత్తచోటఁ జేసిన పనియే యాతని క్రొత్తపేరయ్యెను. సోమనాథుఁడు దీనిని మోపుల మారయ్య యని తెలిఁగింపవచ్చును; ఛందస్సునకు విఘ్నము కలుగదు. అయినను మోళిగ యను మాటనే యుంచెను. అర్థమును గథయే చెప్పుచున్నది కావున మాటను మార్చవలసిన యక్కఱ లేకపోయెను. ఇది యర్ధప్రవేశము. అతిథి తన పేరుతోనే యున్నాఁడు, కాని యింటిపనిలోఁ జేయివేయుటచే నెవ్వఁడని యడుగువారు లేరు.

మూఁడవది తెలుఁగు జొమ్మయ్య. ఈ పేరు మిక్కిలి విచిత్రమైనది. తెలుఁగుకావ్యమునఁ దెలుఁగుశ్రోతలకు ఒకనిని గూర్చి చెప్పునపుడు ఆతఁడు తెలుఁగువాఁడని విశేషించి చెప్పుట యెందులకు? ఓరుగంట నెవ్వనినైనఁ దెలుఁగువాఁడని పిలిచినఁ బిలుపునకుఁ బలుకువారు వీథినిండ నుందురు. ఆ విశేషణము సార్థకమగుటకుఁ దక్కినవారు తెలుఁగువారు కాకుండవలెను. కావున నీ పేరు పుట్టినచోటు కల్యాణమని స్పష్టము. కన్నడమాడువారి నడుమ నొక్కఁడై యున్నవానిని ఇరుగుపొరుగువారు గుర్తుకొఱకుఁ బిలిచిన పేరిది. సోమనాథుఁడు దానిని దొలఁగింపక కావ్యమున నుంచుటచే నొక యపూర్వస్థితి యేర్పడినది. తెలుఁగుకావ్యమునఁ దెలుఁగువాఁడు పరభాషవారి కన్నులతోఁ గనఁబడుచున్నాఁడు. స్వదేశమున నెంతకాలమున్నను మనుజునకుఁ దన భాష తనకుఁ బేరు గాదు. గడప దాటి పరులయింటఁ గూర్చున్ననాఁడే యది పేరగును.

నాలుగవది కన్నద బ్రహ్మయ్య. ఇచ్చటనే పాఠకుఁడు జాగరూకుఁడై యుండవలెను. తెలుఁగు జొమ్మయ్య యను పేరును విన్న చెవికిఁ గన్నడ బ్రహ్మయ్య యని తోఁచుట సహజము. దకారమును డకారముగఁ జదివినచో, ఒకఁడు తెలుఁగువాఁడు, ఒకఁడు కన్నడిగుఁడు అను నందమైన జంట యేర్పడును. కాని యది భ్రాంతి. కన్నడదేశమునఁ గన్నడిగుఁడని పిలుచుట ఓరుగంటఁ దెలుఁగువాఁడని పిలుచుటవంటిదే. దానివలన గుర్తు తెలియదు. బ్రహ్మయ్య జంగమార్చనకై యిండ్లకుఁ గన్నము వేసినవాఁడు. కన్న మను మాట రెండు భాషలయందును గలదు. దానికిఁ గన్నడషష్ఠీప్రత్యయము చేరఁగాఁ గన్నద యగును. తెలుఁగునఁ గన్నపు బ్రహ్మయ్య యనవలెను. మాట యుభయులది, ప్రత్యయము మాత్రము పొరుగువారిది. పరదేశమున స్థిరపడినవాఁడు భాష నేర్చినను దలపాగ చుట్టుట యందుఁ దన యూరివాడుకను విడువనట్లు, ఈ పేరు తెలుఁగుద్విపదలో నిలిచియుఁ దన విభక్తిని విడువలేదు. గొడగూచికిని దీనికిని నెంత తేడా! ఒకటి యర్థమును విడిచి రూపమును దెలిఁగించుకొన్నది. ఒకటి రూపమును బట్టుకొని యర్థమును బంచుకొన్నది.

ఈ నాలుగింటివలనఁ దేలిన విషయమేమి? సోమనాథుఁడు అన్యభాషాపదములను దెలియక వాడినవాఁడు కాఁడు. బసవరగడ మొదలగు రచనలను గన్నడమున సంతరించినవాఁడును, వృషాధిపశతకమునఁ దమిళ కన్నడ మహారాష్ట్రభాషలఁ బద్యములు చెప్పినవాఁడును నగు కవికి మాటల జన్మభూములు తెలియవనుట పొసఁగదు. మఱియుఁ బండితారాధ్యచరిత్రమందలి పర్వతప్రకరణమున శ్రీశైలయాత్రకు నానాదేశములనుండి వచ్చిన భక్తులను వర్ణించుచు, వారి వారి పాటలను, తుమ్మెదపదములు, ప్రభాతపదములు, వెన్నెలపదములు మున్నగువానిని, పేరుపేరునఁ బేర్కొన్నాఁడు. ఎవ్వరి గొంతు వారికుండనిచ్చుట యాతని స్వభావము. కల్యాణమందలి బసవనియిల్లు భక్తుల కెట్టిదో, సోమనాథుని ద్విపద మాటల కట్టిది. వచ్చినవానిని నీ వెవ్వఁడవని యడుగక, పంక్తిలోఁ జోటు చూపుటయే యాతని విధానము.

ఈ సందర్భమున జానుఁదెనుఁగు అను మాటను దలంపక తప్పదు. సంస్కృతప్రాయమైన గద్యపద్యరచనకంటె సర్వసామాన్యమైన జానుఁదెనుఁగే మేలని సోమనాథుఁడు ప్రతిజ్ఞ చేసెను. తెలుఁగుతనమునకు జెండా యెత్తినట్టి యా మాటలోని జాను అను భాగమును గన్నడమునందలి జాణ్ అను పదముతోఁ బోల్చి, చక్కఁదనము, నేర్పు అని యర్థము చెప్పిన పండితులు గలరు. ఈ వ్యుత్పత్తి సరియైనచో, అచ్చమైన తెలుఁగని చాటుటకే కవి పొరుగింటి మాటను దెచ్చికొన్నాఁడని యొప్పుకొనవలెను. దీనివలన నాతని ప్రతిజ్ఞకు లాఘవము రాదు. జనులు నిత్యము పలుకుచున్న మాట యెచ్చటనుండి వచ్చినను జనులదే. సోమనాథునికి దేశ్యత్వ మనఁగాఁ బుట్టుక కాదు, వాడుక.

ఇట్టి స్థితి కల్యాణమునకును ఓరుగంటికిని మాత్రమే చెల్లునని తలఁపరాదు. దూరమందున్న స్పెయిను దేశమున నరబ్బులు క్రీ.శ. 711 మొదలుకొని శతాబ్దములతరబడి యుండిరి. తొలేదో నగరము క్రీ.శ. 1085 లో మఱలఁ గ్రైస్తవరాజుల వశమైన పిమ్మట నచ్చట మూఁడు మతముల పండితులు గూడి యరబ్బీగ్రంథములను లాతీనునకును, అటుపిమ్మటఁ గాస్తీలు భాషకును దెచ్చిరి. నేఁటి స్పానిషు భాషలో దిండునకు అల్మొఆద, నూనెకు అసెయితె, చక్కెరకు అసూకర్ అనునవి యరబ్బీనుండి వచ్చినవే. పడకటింటనో వంటింటనో వాడుమాట లివి. ఉమ్మడికాఁపురమున మొట్టమొదటఁ జేతులు మాఱునవి యిట్టివే. అందును అసూకర్ అను మాట మన శర్కరయే. పారసీకుల మీఁదుగా నరబ్బులకుఁ జేరి, యరబ్బులతో స్పెయినునకుఁ బోయెను. ఆ శర్కరయే ప్రాకృతము మీఁదుగాఁ దెలుఁగునఁ జక్కెరయై కూర్చున్నది. తెలుఁగువాఁ డొకఁడు స్పానిషువారి యింటఁ గాఁపురముండి చక్కెర నడిగినచో, ఇద్దఱు నొక్క మాటనే వేఱువేఱుగఁ బలికినవారగుదురు. ఏ భాషయు నొంటరి యిల్లు కాదనుటకు నింతకంటె దృష్టాంత మేల?

పైవిచారమునుండి జన్మస్థలవివాదమునకును గొంత వెలుఁగు దొరకుచున్నది. బసవపురాణమునఁ గన్నడపదము లున్నవి గాన కవి కన్నడసీమవాఁడని వాదించుట చెల్లదు. ఆ పదములు కవి నివాసమునుండి కాక కథానివాసమునుండి వచ్చినవి. తాను బురాతనభక్తుల గీతములను, వారి పలుకులను నాధారముగఁ గొంటినని కవియే యవతారికలోఁ జెప్పికొన్నాఁడు. అట్లే ఆతఁడు జానుఁదెనుఁగు పేరెత్తినాఁడు గాన కన్నడముతో నాతనికిఁ బొత్తులేదని వాదించుటయుఁ జెల్లదు. ఆతఁడు తుదకు గర్ణాటదేశమున, మాగడి ప్రాంతమందలి కలికెమున, నేఁడు కల్య యనఁబడు గ్రామమున, లింగైక్యమందెనని సంప్రదాయము. ఓరుగంట నాక్షేపింపఁబడిన కవికిఁ గన్నడసీమ విశ్రాంతిస్థలమయ్యెను. విరక్త తోంటదార్యుఁడు కన్నడమున నాతని పేరనే పురాణము రచించెను. ఒక్క మనుజుని రెండిండ్లవారును మావాఁడని చెప్పుకొనుట కలహకారణము గాఁ బనిలేదు. రెండిండ్లను నిలిపినవానికి రెండిండ్లవారును జుట్టములే.

కథకును మరలుప్రయాణము కలిగెను. క్రీ.శ. 1369 లో భీమకవి సోమనాథుని బసవపురాణమును గన్నడషట్పదిలోనికిఁ బరివర్తించెను. కన్నడదేశమునఁ బుట్టి, తెలుఁగింటఁ బెరిగి, పెద్దయై పుట్టినింటికి వచ్చిన కథ యిది. తెలుఁగునఁ గేవలసంజ్ఞయై పోయిన గొడగూచి, కన్నడశ్రోతకు మఱలఁ గొడగూసై, పిన్నబాలికయై యర్థవంతమయ్యెను. కాని తెలుఁగింటఁ గడపిన కాలము వృథ కాలేదు. కన్నడభక్తుల కథలు వరుసగాఁ గూర్పఁబడి పురాణాకృతిని దాల్చినది యిచ్చటనే. అతిథిగ వచ్చినవాఁడు మరలిపోవునపుడు వచ్చినవానివలెనే పోఁడు. ఇల్లును మున్నున్నట్లే యుండదు.

దీనికిఁ బ్రతిగా సోమనాథుఁడే చెప్పిన వేఱొక కథ కలదు. మల్లికార్జునపండితారాధ్యుఁడు బసవనిఁ జూడఁగోరి కల్యాణమునకుఁ బయనమై, త్రోవలోనే బసవఁడు లింగైక్యమందెనని విని పరితపించెను. ఆతఁడు ఆ యింటి గడప త్రొక్కలేదు. బసవపురాణము చేరినవారి కథయైనచో, పండితారాధ్యచరిత్రమునఁ జేరనివాని దుఃఖము గలదు. ఈ రెండును నొక్క కవియే వ్రాయుట యాకస్మికము గాదు. పరులయిల్లు తన యిల్లగుట యెంత భాగ్యమో, ఆలసించినచో నా వాకిలి యెట్లు మూసికొనునో యాతఁ డెఱుఁగును.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1926 లో బసవపురాణమును, చిలుకూరి నారాయణరావుగారు 1939 లోఁ బండితారాధ్యచరిత్రమును బరిష్కరించి ప్రకటించుటచే నీ గ్రంథములు విద్వల్లోకమునకు సుగమములయ్యెను. ఇఁక వానిని బాఠశాలలయందు బోధించువారి కర్తవ్యమొకటి మిగిలియున్నది. కన్నదను గన్నడగ దిద్దరాదు. కన్నపు అనియు దిద్దరాదు. మొదటి దిద్దుబాటు దొంగయగు భక్తునిఁ గన్నడిగునిఁ జేయును. రెండవది యాతఁడు పొరుగింటినుండి వచ్చిన త్రోవను దుడిచివేయును. మొదటిది యజ్ఞానమువలని దోషము, రెండవది యతిశుద్ధివలని దోషము. రెండవదియే యెక్కువ హానికరము, ఏలయన నది పాండిత్యమను పేరఁ జెల్లును. స్వయంభూదేవు నాలయమునఁ బ్రమాణము గాదన్న యాక్షేపకుఁ డా పండితునియందు మఱలఁ బలుకుచుండును. గొడగూచి కథను బాలురకుఁ జెప్పునపుడు ఆ పేరునకుఁ గన్నడమున బాలిక యని యర్థమని యొక్కమాట చెప్పినఁ జాలును. తమ యింట నెంతకాలముగనో యున్న యా పిల్లకుఁ బుట్టినిల్లొకటి కలదని వారెఱుఁగుదురు.